వర్క్‌షాప్ సందేహాలు: ప్లాస్మా కటింగ్‌లో అంచు ఎందుకు పాడవుతోంది?

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం సీఎన్‌సీ ప్లాస్మా గురించే ఉన్నాయి. అంటే కంప్యూటర్ నడిపే టార్చ్‌లోంచి, కరెంటు ఆర్క్‌తో బాగా వేడెక్కిన గాలి ధారను వదిలి లోహాన్ని కోసే మెషీన్. ఒకప్పుడు పెద్ద ఫ్యాబ్రికేషన్ యార్డుల్లో మాత్రమే కనిపించే ఈ మెషీన్ ఇప్పుడు గేట్లు, గ్రిల్స్, ట్రాక్టర్ ట్రాలీలు చేసే షెడ్లలోకి కూడా వచ్చింది. మెషీన్‌తో పాటు నేర్పే మనిషి మాత్రం రావడం లేదు. అంచు పాడైతే ఆ భారమంతా గ్రైండర్ పట్టుకున్న కుర్రాడి మీద పడుతుంది. మణికట్లు, చెవులు, ఊపిరితిత్తులు అతనివే. అందుకే ఈసారి మిగతా విషయాలు పక్కన పెట్టి చోటంతా దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: సార్, నమస్తే. మాది విజయవాడ ఆటోనగర్‌లో ట్రాలీలు చేసే షెడ్డు. కొత్తగా సీఎన్‌సీ ప్లాస్మా పెట్టాం. సోర్సు (ఆర్క్‌కి కరెంటు ఇచ్చే పెట్టె) 63 ఆంపియర్లది, 50 మీద నడుపుతున్నాం. గాలితోనే కటింగ్. 6 ఎం.ఎం. ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్, మామూలు ఇనుము) ప్లేటు కోస్తే కింద అంచు పొడవునా స్లాగ్ (కరిగి గడ్డకట్టిన ఇనుము) పట్టుకుంటోంది. ఇద్దరు కుర్రాళ్లు పొద్దస్తమానం గ్రైండింగ్‌లోనే ఉంటున్నారు. మెషీన్ అమ్మినవాళ్లు ఆంపియర్లు పెంచమంటున్నారు. మా ఆపరేటర్ స్పీడు తగ్గిద్దాం అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి సలహానీ కాసేపు పక్కన పెట్టండి. ఆ స్లాగ్ ఏ రకమో ముందు తేలాలి. ఒక ముక్కను తిరగేసి, చిప్పింగ్ సుత్తితో అంచు మీద తేలిగ్గా కొట్టి చూడండి.

స్లాగ్ లావుగా, బుడిపెలు బుడిపెలుగా ఉండి, ఒక్క దెబ్బకి పొడుగు ముక్కలుగా ఊడిపోతే మీ స్పీడు తక్కువ. టార్చ్ నెమ్మదిగా కదిలినప్పుడు ఆర్క్ ఎదురుగా ఉన్న ఇనుమంతా అప్పటికే కరిగిపోయి ఉంటుంది. ఆర్క్‌కి అంటుకోవడానికి ఇనుము కావాలి కాబట్టి అది పక్కలకి పాకుతుంది. కోత వెడల్పవుతుంది, కరిగిన ఇనుమును కిందికి ఊడ్చే బలం తగ్గుతుంది. ఆ ఇనుము అంచుకే వేలాడి గడ్డకడుతుంది.

స్లాగ్ సన్నటి పూసలా అంచుకి గట్టిగా అతుక్కుని, సుత్తికి లొంగకుండా గ్రైండర్‌తోనే పోతుంటే స్పీడు ఎక్కువ. అప్పుడు ఆర్క్ వెనక్కి వంగిపోయి, కింది భాగాన్ని శుభ్రంగా కోయకుండానే ముందుకు సాగుతుంది. ఇంకో రకం ప్లేటు పైభాగాన చిన్న చుక్కలుగా పడుతుంది. అది గోకితే రాలిపోతుంది. టార్చ్ మరీ ఎత్తులో ఉన్నా, స్పీడు ఎక్కువైనా, నాజిల్ (ఆర్క్ బయటికొచ్చే రంధ్రమున్న టార్చ్ మూతి) అరిగినా అలా వస్తుంది.

ఆ తర్వాత కోసిన ముఖం చూడండి. లైటు పక్కనుంచి పడేలా పట్టుకుంటే పైనుంచి కిందికి సన్నటి గీతలు కనిపిస్తాయి. గాలితో ఎం.ఎస్. కోసినప్పుడు ఆ గీతలు టార్చ్ వెళ్లిన దిశకి వెనక్కి 10–15 డిగ్రీలు వాలి ఉంటే స్పీడు కుదిరినట్టు. నిట్టనిలువుగా ఉంటే స్పీడు తక్కువ. కింది సగంలో ‘ఎస్’ అక్షరంలా బాగా వెనక్కి లాగేస్తే ఎక్కువ. మెషీన్ స్క్రీన్ మీద అంకె ఏం చూపించినా, ఈ గీతలు చెప్పేదే నేను నమ్ముతాను.

మీ కుర్రాళ్లు రోజంతా గ్రైండింగ్ చేయాల్సి వస్తోందంటే అది సన్నటి గట్టి స్లాగే అయ్యుండాలి. అదే నిజమైతే మీ ఆపరేటర్ సరైన దారిలోనే ఉన్నాడు. కానీ ఊహ మీద సెట్టింగు మార్చొద్దు, టెస్టు పెట్టండి. కొత్త నాజిల్, కొత్త ఎలక్ట్రోడ్ (టార్చ్ లోపల ఆర్క్ నిలబడే రాగి ముక్క) వేయండి. పనికి వాడే ప్లేటు నుంచే ఒక ముక్క తీసుకోండి, ఎక్కడో పడున్న తుప్పు ముక్క వద్దు. మెషీన్ పుస్తకంలో 6 ఎం.ఎం.కి ఉన్న స్పీడుతో 150 ఎం.ఎం. పొడవు గీత కోయండి. తర్వాత ఒక్కో గీతకి నిమిషానికి 100 ఎం.ఎం. చొప్పున పెంచుతూ నాలుగైదు, తగ్గిస్తూ నాలుగైదు కోయండి. ఒక్కోదాని పక్కన స్పీడు సుద్దతో రాయండి. ప్లేటు బాగా చల్లారాక తిరగేసి చూడండి. లావు స్లాగ్ ఎక్కడ ఆగిందో, గట్టి స్లాగ్ ఎక్కడ మొదలైందో కళ్లకే కనిపిస్తుంది. ఆ రెండింటి మధ్య ఉన్నదే మీ స్పీడు. 6 ఎం.ఎం.లో ఈ మధ్య జాగా బాగానే దొరుకుతుంది, మందం పెరిగేకొద్దీ ఇరుకవుతుంది. ఈ పరీక్ష జరిగేటప్పుడు ఎత్తు, ఆంపియర్లు, గాలి ప్రెషర్ ఏదీ ముట్టుకోవద్దు. రెండు ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో ఎప్పటికీ తెలియదు.

ఇక ఆంపియర్ల సంగతి. నాజిల్ రంధ్రానికీ ఆంపియర్లకీ లంకె ఉంటుంది. 50 ఆంపియర్ల నాజిల్‌కి 63 ఇస్తే రంధ్రం కాసేపట్లోనే కాలి కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది, ఆర్క్ పక్కకి చిమ్ముతుంది. ఆంపియర్లు పెంచదలిస్తే దానికి తగ్గ నాజిల్ కూడా వేయాలి. ఇంకోటి, కేటలాగులో ‘ఇంత మందం కోస్తుంది’ అని రాసిన అంకె అంచు నాణ్యత గురించి కాదు. ప్లేటు అంచు నుంచి మొదలుపెట్టి, మెల్లగా, ఎలాగోలా రెండు ముక్కలు చేయగలదని మాత్రమే దాని అర్థం. మంచి అంచు కావాలంటే అందులో దాదాపు సగం మందం దగ్గరే ఆగాలి. మీ 6 ఎం.ఎం. ఆ హద్దులోనే ఉంటుంది, భయం లేదు.

ఎత్తు కూడా ఒకసారి కొలవండి. ఈ సైజు గాలి టార్చ్‌లకి కటింగ్ ఎత్తు సాధారణంగా 1.5 నుంచి 3 ఎం.ఎం. మధ్య ఉంటుంది, మీ టార్చ్‌కి ఎంతో దాని పుస్తకంలో ఉంటుంది. ప్లాస్మా సోర్సు ఆపేసి, ఆ ఎత్తుకి సరిపోయే మందం ఉన్న రేకు ముక్కను నాజిల్ కింద జరిపి చూస్తే చాలు. పియర్సింగ్ (కోత మొదలుపెట్టడానికి ప్లేటుకి చిల్లు పొడవడం) మాత్రం దానికి రెండు, రెండున్నర రెట్లు ఎత్తులో జరగాలి. కిందనే పియర్స్ చేస్తే పైకి లేచిన కరుగు నేరుగా నాజిల్ మూతికి అంటుకుంటుంది. ఆ తర్వాత కోసే ప్రతి అంచూ పాడే. ఎర్త్ క్లాంప్ టేబుల్ కాలికి వేశారేమో కూడా చూడండి. ప్లేటుకే వేయాలి, వేసే చోట తుప్పు, పెయింట్ గీకేసి మరీ వేయాలి.

ప్రశ్న: అన్నా, నేను కొత్తగూడెంలో ప్లాస్మా ఆపరేటర్‌ని. 10 ఎం.ఎం. ప్లేటులో బ్రాకెట్లు జతలుగా కోస్తాం. కుడి బ్రాకెట్ అంచుకి మూలమట్టం పెడితే సరిగ్గా కూర్చుంటుంది. ఎడమ బ్రాకెట్‌కి మాత్రం చుట్టూ వాలు వస్తోంది. ప్లేటు అదే, టార్చ్ అదే, స్పీడు అదే. ఓనరు టార్చ్ మార్చేద్దాం అంటున్నారు. నిజంగా టార్చ్ పోయిందా?

జవాబు: తమ్ముడూ, టార్చ్ మార్చనివ్వకు. నువ్వు రెండు బ్రాకెట్లకీ మూలమట్టం పెట్టి పోల్చి చూశావు చూడు, దానివల్లే జవాబు దొరుకుతుంది. ఎడమ బ్రాకెట్ కోసం ప్రోగ్రామ్ విడిగా చేస్తున్నారా, లేక కుడి దాన్నే కంట్రోలర్‌లో మిర్రర్ కొడుతున్నారా? మిర్రరే అయితే సమస్య అక్కడే ఉంది.

టార్చ్ లోపల స్విర్ల్ రింగ్ అని చిన్న రింగు ఉంటుంది. గాలిని గిర్రున తిప్పి వదలడం దాని పని. మామూలు రింగు గాలిని గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పుతుంది. దానివల్ల టార్చ్ వెళ్లే దిశకి కుడి చేతి వైపు అంచు నిలువుగా, ఎడమ చేతి వైపు అంచు వాలుగా వస్తుంది. ఇది లోపం కాదు, ప్లాస్మా స్వభావం. అందుకే మనకి కావలసిన ముక్క ఎప్పుడూ కుడి చేతి వైపు ఉండేలా, స్క్రాప్ ఎడమ వైపు ఉండేలా నడపాలి. అంటే ముక్క బయటి గీతను గడియారం దిశలో కోయాలి, లోపలి రంధ్రాలను దానికి ఎదురు దిశలో కోయాలి. మిర్రర్ కొట్టినప్పుడు ఆకారంతో పాటు నడిచే దిశ కూడా తిరగబడుతుంది. అప్పుడు మంచి అంచు స్క్రాప్‌కి పోయి, వాలు నీ బ్రాకెట్‌కి వస్తుంది. ఎడమ బ్రాకెట్‌ని డ్రాయింగ్‌లోనే తిప్పి, కటింగ్ దారిని కొత్తగా వేయించు. గాలిని ఎదురు దిశలో తిప్పే రింగులు కూడా కొన్ని టార్చ్‌లకి దొరుకుతాయి. కాబట్టి ఎప్పుడైనా రింగు మారిస్తే అది పాతదాని రకమేనా అని చూసుకో.

ప్రోగ్రామ్ మార్చాక కూడా వాలు మిగిలితే ఇలా వెతుకు. 100 ఎం.ఎం. చదరపు ముక్క ఒకటి కోసి, టేబుల్ మీద ఉండగానే ఏ వైపు ఎటు ఉందో దాని మీద రాయి. నాలుగు వైపులా ఒకేలా వాలితే ఎత్తు గానీ స్పీడు గానీ తేడా ఉన్నట్టు. పైన ఎక్కువ తినేస్తే టార్చ్ ఎత్తులో ఉంది లేదా స్పీడు ఎక్కువ. కింద లోపలికి తినేస్తే టార్చ్ మరీ దగ్గరగా ఉంది లేదా స్పీడు తక్కువ. ఎదురెదురు వైపుల్లో ఒకటి ఇటు, ఒకటి అటు వాలితే టార్చే నిలువుగా లేదు. ప్లేటు మీద మూలమట్టం నిలబెట్టి టార్చ్‌ని ముందు నుంచీ పక్క నుంచీ రెండు వైపులా చూడు. ఒక్క వైపే చూసి వదిలేసేవాళ్లు చాలామంది. టార్చ్ నిటారుగానే ఉండి కూడా ఒక పక్క పాడవుతుంటే నాజిల్ విప్పి రంధ్రాన్ని వెలుతురులో చూడు. గుండ్రంగా లేకపోతే పారేయి.

ఒకటి, రెండు, మహా అయితే మూడు డిగ్రీల వాలు గాలి ప్లాస్మాలో మామూలే. కోసిన అంచు ఎంత వాలితే ఏ తరగతి అని చెప్పడానికి ఐఎస్ఓ 9013 అనే ప్రమాణం ఉంది. కస్టమర్ అంతకంటే నిటారు అంచు అడిగితే అది మిషనింగ్ పని అని ముందే చెప్పడం మంచిది.

ప్రశ్న: కరీంనగర్ నుంచి రాస్తున్నాను. 3 ఎం.ఎం. షీటులో గేట్లకి జాలీ డిజైన్లు కోస్తాం. నేరుగా వెళ్లేటప్పుడు బాగానే ఉంటుంది. మూలల దగ్గర టార్చ్ కిందికి దిగి షీటుని గుద్దుతోంది. మూలలు కూడా పదునుగా రాక కరిగినట్టు వస్తున్నాయి. సెన్సర్ పోయిందంటారా?

జవాబు: సెన్సర్ తన పని తాను చేస్తోంది. తప్పు లెక్క దానికి అందుతోంది. టార్చ్ హైట్ కంట్రోల్, అంటే మనందరం టీహెచ్‌సీ అనేది, ఎత్తుని నేరుగా కొలవదు. ఆర్క్ వోల్టేజీని కొలుస్తుంది. వోల్టేజీ పెరిగితే టార్చ్ పైకి పోయిందనుకుని కిందికి దించుతుంది. మూల దగ్గర మెషీన్ స్పీడు తగ్గించుకోవాలి, లేకపోతే మలుపు తిరగలేదు. స్పీడు తగ్గగానే కోత వెడల్పై, ఆర్క్ సాగి, వోల్టేజీ పెరుగుతుంది. టీహెచ్‌సీ దాన్ని ఎత్తు అనుకుంటుంది, టార్చ్ దిగుతుంది, షీటుకి తగులుతుంది.

స్పీడు ఇంత శాతం కంటే పడిపోతే టీహెచ్‌సీని లాక్ చేయమనే సెట్టింగు మీ కంట్రోలర్‌లో ఉండాలి. దాన్ని పెట్టండి. జాలీ లాంటి మలుపుల పనికి, షీటు చదునుగా ఉంటే, మొదట ఎత్తు చూసుకున్నాక టీహెచ్‌సీ ఆపేసి కోయడం కూడా నాకు సమ్మతమే.

మూలలు కరగడానికి వేరే కారణం ఉంది. మూలలో ఆర్క్ ఎక్కువసేపు నిలబడుతోంది. మీ మెషీన్ యాక్సిలరేషన్ తక్కువగా పెట్టి ఉంటే అది మూలకి చాలా ముందు నుంచే నెమ్మదిస్తుంది. బెల్టు బిగువు, ర్యాకు పినియన్ (టార్చ్‌ని నడిపే పళ్ల పట్టీ, పళ్ల చక్రం) పట్టు చూసి, బల్ల వణకనంత వరకు యాక్సిలరేషన్ పెంచండి. కోసిన ముఖం మీద సమాన దూరాల్లో అలలు కనబడితే అది వణుకు, ప్లాస్మాతో సంబంధం లేదు. అంతకంటే ముఖ్యంగా, 3 ఎం.ఎం.కి మీరు ఎన్ని ఆంపియర్లు వాడుతున్నారు? మందం ప్లేటుకి వేసిన నాజిల్‌తోనే 60 దాకా పెట్టి కోస్తుంటే ఆ వేడికి మూలలు నిలవవు. 40 ఆంపియర్లు, దానికి తగ్గ చిన్న నాజిల్ వేయండి. కోత సన్నగా వస్తుంది, మూల నిలబడుతుంది, షీటు కూడా తక్కువ వంగుతుంది.

వంగడం గురించి ఒక్క మాట. పక్కపక్కనున్న పూలన్నీ వరుసగా కోసుకుంటూ పోతే ఆ చోట వేడి చేరి షీటు పైకి లేస్తుంది. ఇక్కడొకటి, దూరంగా ఇంకొకటి అన్నట్టు క్రమం మార్చండి. లోపలివన్నీ అయ్యాకే బయటి చట్రం గీత కోయాలి. బయటిది ముందు కోస్తే ముక్క కదిలిపోతుంది, ఆ తర్వాత ఏ కొలతా నిలవదు.

ప్రశ్న: నమస్తే అండీ. కాకినాడలో మా వారి షెడ్డు లెక్కలు నేను చూస్తాను. ఎండాకాలం కంటే వానాకాలం నాజిళ్లకీ ఎలక్ట్రోడ్లకీ అయ్యే ఖర్చు దాదాపు రెట్టింపు అవుతోంది. అప్పుడే అంచులు బాగా రాలేదని కస్టమర్ల నుంచి మాట కూడా పడుతోంది. వానకీ దీనికీ సంబంధం ఉందా, లేక మాకు నాసిరకం సరుకు అంటగడుతున్నారా?

జవాబు: సంబంధం ఉందమ్మా. ఆపరేటర్లు మూడు నాలుగేళ్లకి గానీ పట్టుకోలేని విషయాన్ని మీరు లెక్కల పుస్తకంలో పట్టుకున్నారు.

సముద్రం పక్క ఊళ్లో గాలిలో తేమ ఎలాగూ ఎక్కువ, వానాకాలం ఇంకా ఎక్కువ. కంప్రెసర్ ఆ గాలిని నొక్కినప్పుడు అది వేడెక్కుతుంది, తేమ ఆవిరిగానే లోపల ఉంటుంది. పైపుల్లో పోతూ చల్లారాక నీరవుతుంది. ఆ నీరు టార్చ్‌లోకి వెళితే ఆర్క్ నిలకడగా ఉండదు, ఎలక్ట్రోడ్ త్వరగా గుంట పడుతుంది, నాజిల్ రంధ్రం చెదురుతుంది, అంచు గరుకుగా, ఒక పక్కకి వాలి వస్తుంది. చాలా షెడ్లలో గోడకి ఒక గాజు గిన్నె ఫిల్టర్ బిగించి దాని మీద నమ్మకం పెట్టుకుంటారు. ఆ ఫిల్టర్ నీటి చుక్కల్ని పడుతుంది గానీ ఆవిరిని పట్టలేదు. ఆవిరి దాన్ని దాటి, టార్చ్ దగ్గరకొచ్చాక నీరవుతుంది. మీకు కావలసింది రిఫ్రిజిరేటెడ్ ఎయిర్ డ్రయ్యర్. ఖర్చు ఉంటుంది. నాజిళ్ల బిల్లులు, గ్రైండింగ్ కూలి, తిరిగొచ్చిన పని ఒకపక్క వేసి, డ్రయ్యర్ ధర ఇంకోపక్క వేసి మీరే లెక్క చూడండి.

అది కొనేలోపు కూడా చేయగలిగినవి ఉన్నాయి. కంప్రెసర్ ట్యాంకు కింద కుళాయి రోజూ ఉదయం, మధ్యాహ్నం తిప్పి నీరు వదలమనండి. మెయిన్ పైపు నుంచి టార్చ్‌కి వెళ్లే గొట్టాన్ని పైపు పైభాగం నుంచి తీయించండి. కింది నుంచి తీస్తే నీరంతా అందులోకే దిగుతుంది. ఆర్క్ వెలిగించకుండా గాలి మాత్రం వదిలే స్విచ్ ప్లాస్మా సోర్సు మీద ఉంటుంది. దాన్ని వేసి టార్చ్ మూతి ముందు తెల్ల కాగితం కాసేపు పట్టించండి. తడి మచ్చ పడితే నీరు, పసుపు జిడ్డు పడితే కంప్రెసర్ ఆయిల్ వస్తోంది. ఆయిల్ వస్తే కంప్రెసర్ రింగులు చూపించాలి. ఇంకో సంగతి, ప్రెషర్ గేజ్‌ని గాలి ఆగి ఉన్నప్పుడు చూసి సరిపోయింది అనుకుంటారు. గాలి పోతున్నప్పుడు చూడాలి. గొట్టం సన్నదైతే అప్పుడే ప్రెషర్ పడిపోతుంది.

ఎలక్ట్రోడ్ ఎప్పుడు మార్చాలో కూడా రాసుకోండి. రాగి ముక్క మధ్యలో చిన్న చుక్కలా ఉండేది హాఫ్నియం అనే లోహం. ఆర్క్ దాని మీదే నిలబడుతుంది. టంగ్‌స్టన్ అయితే గాలిలోని ఆక్సిజన్‌కి ఇట్టే కాలిపోతుంది, అందుకే గాలి ప్లాస్మాలో హాఫ్నియం వాడతారు. వాడేకొద్దీ అక్కడ గుంట పడుతుంది. గాలితో చల్లబడే టార్చ్‌ల్లో ఆ గుంట 1.6 ఎం.ఎం. దాటితే మార్చేయాలి. వెర్నియర్ వెనక సన్నటి కడ్డీతో కొలవచ్చు. ఆర్క్ ఆకుపచ్చగా కనిపిస్తే రాగే కాలుతోందని అర్థం, వెంటనే ఆపించండి. నాజిల్‌నీ ఎలక్ట్రోడ్‌నీ జతగా మార్చడం మేలు. పాత ఎలక్ట్రోడ్ కొత్త నాజిల్‌ని కూడా త్వరగా పాడు చేస్తుంది. గుంట పెరిగేకొద్దీ ఆర్క్ పొడుగవుతుంది, వోల్టేజీ పెరుగుతుంది, టీహెచ్‌సీ టార్చ్‌ని కొంచెం కొంచెంగా దించేస్తుంది. ఉదయం బాగున్న అంచు సాయంత్రానికి పాడవడానికి ఇదొక పెద్ద కారణం.

సరుకు నాసిరకమా అన్నారు. అది కూడా ఉండొచ్చు. వానలు తగ్గాక, గాలి పొడిగా ఉన్న రోజుల్లో కంపెనీ జతా, మీకు అమ్ముతున్న జతా ఒకే పని మీద వాడి, ఒక్కోదానికి ఎన్ని పియర్సింగులు వచ్చాయో రాసుకోండి. గంటల లెక్క వద్దు, పియర్సింగుల లెక్కే సరైనది. ఎలక్ట్రోడ్ అరిగేది ఎక్కువగా ఆర్క్ వెలిగేటప్పుడూ ఆరేటప్పుడూ.

ప్రశ్న: అనంతపురంలో సోలార్ స్ట్రక్చర్లకి బేస్ ప్లేట్లు చేస్తాం. 12 ఎం.ఎం. ప్లేటులో ఎం16 బోల్టులకి 18 ఎం.ఎం. రంధ్రాలు ప్లాస్మాతోనే తీస్తున్నాం. పైన 18 ఉంటుంది, కింద బోల్టు దూరదు. ఒక పక్క చిన్న గాటు కూడా పడుతోంది.

జవాబు: మొదట డ్రాయింగ్ చూడండి. ‘డ్రిల్డ్ హోల్’ అని ఉంటే చర్చే లేదు, డ్రిల్లింగే చేయండి. రేపు గాలివానకి ప్యానెళ్లు నిలబెట్టేది ఆ బోల్టులే.

డ్రాయింగ్ ఒప్పుకుంటే, 12 ఎం.ఎం.లో 18 అంటే మందానికి ఒకటిన్నర రెట్లు. గాలి ప్లాస్మాకి అది అంచున ఉన్న పని, జాగ్రత్తగా చేస్తే వస్తుంది. రంధ్రం స్పీడు మామూలు స్పీడులో 60 శాతానికి తగ్గించండి. చిన్న వృత్తంలో ఆర్క్ వెనక్కి లాగడమే కింద ఇరుకవడానికి కారణం. టీహెచ్‌సీ ఆపండి. మధ్యలో పియర్స్ చేసి, వంపు గీతతో అంచుకి చేరాలి. నేరుగా వచ్చి గుద్దుకుంటే అక్కడ మచ్చ మిగులుతుంది. దిశ గడియారానికి ఎదురుగా ఉండాలి. మీరు చెప్పిన గాటు వృత్తం పూర్తయ్యాక కూడా ఆర్క్ వెలుగుతూ ఉండటం వల్ల వస్తుంది. బయటికొచ్చే గీత తీసేసి, మొదలైన చోటికి చేరగానే ఆర్క్ ఆరేలా సమయం సర్దండి. తర్వాత కింది వైపు కొలిచి, ఎంత తక్కువ ఉందో అంత డ్రాయింగ్‌లో పెంచండి.

రంధ్రం కోడిగుడ్డులా వస్తుంటే, లేదా నాలుగు దిక్కుల దగ్గర చిన్న మెట్లు కనిపిస్తే అది ప్లాస్మా తప్పు కాదు. ఆ నాలుగు చోట్లే యాక్సిస్ దిశ మార్చుకుంటుంది, అంటే పినియన్‌లో ఆట (వదులు) ఉంది.

ఇంతకంటే చిన్న రంధ్రాలైతే ప్లాస్మాతో గుర్తు మాత్రం పెట్టి డ్రిల్ చేయండి. ట్యాపింగ్ చేయాల్సిన (లోపల మరలు కోయాల్సిన) రంధ్రాలని మాత్రం ప్లాస్మాతో తీయొద్దు. ఆ అంచు గట్టిపడి ట్యాపులు విరుగుతాయి.

ప్రశ్న: అంచు చూడ్డానికి నున్నగానే ఉంది సార్. కానీ దాని మీద వెల్డింగ్ చేస్తే బుడగలు వస్తున్నాయి. ప్లేటు మంచిది, వైరు మంచిది. మాది జీడిమెట్ల.

జవాబు: గాలిలో నాలుగింట మూడొంతులకు పైగా నైట్రోజనే. కోసేటప్పుడు కొంత నైట్రోజన్ కరిగిన అంచులో ఇంకుతుంది. తర్వాత వెల్డింగ్ వేడికి బయటికి రాబోయి బుడగలుగా చిక్కుకుంటుంది. ట్యాపులు విరిగేది కూడా దీనివల్లే. వెల్డింగ్ పడే అంచుని మాత్రం ఇనుము మెరిసే దాకా పలచగా గ్రైండ్ చేయండి, మిగతా అంచులు ముట్టుకోనక్కర్లేదు. పని చాలా ఎక్కువగా ఉంటే ఆక్సిజన్‌తో కోసే ప్లాస్మా గురించి ఆలోచించండి. దాంతో ఈ సమస్య ఉండదు, ఎం.ఎస్. మీద స్లాగ్ కూడా తగ్గుతుంది.

ప్రశ్న: గాజువాక నుంచి. స్టెయిన్‌లెస్ అంచు నల్లగా, గరుకుగా వస్తోంది. అల్యూమినియం పని కూడా వస్తోంది. మాది నీళ్ల టేబుల్ (ప్లేటు కింద నీళ్ల తొట్టి ఉన్న కటింగ్ బల్ల). ఏమైనా జాగ్రత్తలున్నాయా?

జవాబు: అసలు ప్లాస్మా కటింగ్ 1950ల్లో అమెరికాలో మొదలైందే అల్యూమినియం, స్టెయిన్‌లెస్ కోసం. గ్యాస్ కటింగ్ వాటిని కోయలేదు. స్టెయిన్‌లెస్‌ని గాలితో కోస్తే అంచు ఆక్సిడైజ్ అయి నల్లబడుతుంది, సెట్టింగులతో అది పూర్తిగా పోదు. మీ టార్చ్ ఒప్పుకుంటే నైట్రోజన్‌తో కోయండి, చాలా మెరుగు. లేదంటే గ్రైండ్ చేసి పికిలింగ్ పేస్టు (నలుపు తీసే యాసిడ్ పేస్టు) పూయాల్సిందే. స్టెయిన్‌లెస్ పొగలో క్రోమియం ఉంటుంది. నీళ్లున్నా సరే, మాస్కు లేకుండా ఎవరినీ టేబుల్ దగ్గర నిలబడనివ్వకండి.

అల్యూమినియం గురించి గట్టిగా చెప్తున్నాను. నీటిలో పడిన వేడి అల్యూమినియం కరుగు, అడుగున చేరిన దాని పొడి నీటితో కలిసి హైడ్రోజన్ పుట్టిస్తాయి. అది ప్లేటు కింద చేరి ఉంటే ఆర్క్ వెలిగించగానే పేలుతుంది. ఇలాంటి పేలుళ్లు నిజంగా జరిగాయి. పొగ లాగే ఫ్యాను ఉన్న పొడి టేబుల్ మీద అల్యూమినియం కోయడం అన్నిటికంటే మంచిది. నీళ్ల టేబుల్ తప్పనిసరైతే నీటి మట్టం ప్లేటుకి బాగా కింద ఉండాలి, అడుగు నుంచి గాలి బుడగలు వదిలే పైపులు వేయించాలి, అడుగున చేరిన మడ్డి తరచూ తీయాలి. పని ముగిశాక అల్యూమినియం ప్లేటుని రాత్రంతా టేబుల్ మీద వదలొద్దు. పొద్దున వచ్చాక, ముందు రోజు ముక్క ఏదైనా మిగిలి ఉంటే దాన్ని ఎత్తి పక్కన పెట్టి, కాసేపు ఫ్యాను తిరగనిచ్చి, ఆ తర్వాతే సోర్సు ఆన్ చేయండి.